చుక్కాని బరువు

లిస్బన్ నుంచి బొమ్మ వచ్చింది, గొట్టంలో చుట్టి,
సార్జెంట్ బెల్మీరు పేరు మీద. అంటే నా పేరు మీద.
మా శిక్షణ పాఠశాలకి డెబ్భై ఐదేళ్లట.
తోకంతా పసుపు, పసుపులో గద్ద,
గద్ద కాళ్ల కింద బంగారు అంకెలు.
రెక్కల అడుగున సూర్యకిరణాలు గీయాలట,
కింద నుంచి చూసేవాళ్ల కోసం.

కింద ఎవరున్నారని?
అలెంతేజు మైదానంలో జూలై నెల.
కరెంటు స్తంభాల మీద కొంగలు,
ఒకదాని నీడలో ఒకటి తలదూర్చిన గొర్రెలు,
బిరడాల కోసం ఓక్ చెట్ల బెరడు వొలిచే మనుషులు.
వొలిచిన మానుమీద
ఆ సంవత్సరపు అంకె తెల్లరంగుతో రాస్తారు వాళ్లు.
మళ్లీ తొమ్మిదేళ్ల దాకా ఆ చెట్టుని ముట్టరు.
వాళ్లకి గద్దా అక్కర్లేదు, బంగారమూ అక్కర్లేదు.

పసుపు నేనే కలిపాను.
ఒకప్పుడు నేర్చుకునే విమానాలన్నీ ఆ రంగే.
"పిల్లాడు వస్తున్నాడు, పక్కకి జరగండి" అని
ఆకాశానికి ముందే చెప్పడానికి.
డబ్బా మీద నంబరుంది, నేను దాన్ని నమ్మలేదు.
మేస్త్రీ జెఫెరీను అగ్గిపెట్టెలో దాచి
పోయేముందు నా చేతిలో పెట్టిన పెచ్చు ఒకటుంది,
గోరంత, నూనె మరకతో.
దాని పక్కన పెట్టి పెట్టి, పదమూడోసారికి కుదిరింది.

నేనెన్నడూ ఎగరలేదు.
నిచ్చెన ఐదో మెట్టు వరకే నా ఆకాశం.
అక్కడ నిలబడి, ఎవరూ అడక్కుండానే,
చుక్కాని మీద పదకొండు పేర్లు రాశాను,
బియ్యపు గింజంత అక్షరాలతో.
నేర్చుకుందామని వెళ్లి
దిగడం నేర్చుకోకుండానే ఆగిపోయినవాళ్లవి.
మసకగా ఉన్నాయని ఇంకో పూత,
వంకర పోయాయని మరో పూత.

కెప్టెన్ గ్రసియేత్ త్రాసు తెచ్చింది.
చుక్కాని ఊడదీసి తూచింది, మళ్లీ తూచింది.
"నలభై గ్రాములు ఎక్కువ."
"నిమ్మకాయంత కదమ్మా."
"వేగం మీద ఆ నిమ్మకాయకే తోక వణుకుతుంది, బెల్మీరూ.
వణికిందా, పన్నెండో పేరు కూడా నువ్వే రాయాలి."
కోపంగా అనలేదు.
పేర్లన్నీ చదివింది. ఏడో పేరు దగ్గర
పెదాలు కదిలాయి. నేను అడగలేదు.
వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి అంది:
"కదిలేదాని మీద కాదు. కదలనిదాని మీద రాసుకో."

నీళ్లకాగితంతో రుద్దాను.
పదకొండు మందీ పసుపునీళ్లై తూములోకి పోయారు.
మర్నాడు కదలని రెక్కమీద, బూడిదరంగు తొలిపూతపై
పెన్సిలుతో రాసి, పైన పసుపు కప్పేశాను.
త్రాసు ఒప్పుకుంది. ఆవిడ సంతకం పెట్టింది.

పండగనాడు బ్యాండు, కాల్చిన సార్డీన్ చేపలు,
నాన్నల భుజాలెక్కిన పిల్లలు.
మొదట ఎగరాల్సిన లియోనిల్డ్‌కి ఇరవై ఏళ్లు లేవు.
"ఇంత మెరిసిపోతే ఎలా సార్?
తప్పుగా దిగితే అందరూ నన్నే చూస్తారు."
"అందుకేనమ్మా పసుపు" అన్నాను.
మూడుసార్లు ఎగిరిపడి దిగింది.
స్తంభం మీద కొంగ కూడా తల తిప్పి చూసింది.

జనవరిలో కాగితం వచ్చింది:
ఉత్సవాలు ముగిసినవి. యథావిధిగా బూడిదరంగు.
వారం రోజులు గీకాను.
దిండు మీద పసుపుపొడి చూసి
"పువ్వుల్లో దొర్లొచ్చావా ఈ వయసులో?" అంది దియోలిండ.
గద్ద పోయింది. అంకెలు పోయాయి. కిరణాలు పోయాయి.
కదలని రెక్క దగ్గరికొచ్చేసరికి
కాఫీ తాగొద్దామనిపించింది.
రెండుసార్లు తాగొచ్చాను.
తొలిపూత దాకా గీకమని కాగితంలో లేదు.
మళ్లీ చదివాను. లేదు.

అగ్గిపెట్టెలో ఇప్పుడు రెండు పెచ్చులు.
ఊపితే చప్పుడవుతుంది.
తూచలేదు.